పూర్వాభాద్రకు అటూ ఇటూ



పోయిన మాఘమాసంలో పెద్దారవీడు అవతల ఒక మిరప కల్లంలో రాత్రి పడుకోవలసి వచ్చింది. కాపలా మా బంధువులది. ఆ పూట వాళ్లింట్లో పెళ్లిచూపులు. ఊళ్లో ఖాళీగా దొరికింది నేను. ఎండబోసిన కాయల ఘాటు ముక్కుకెక్కుతుంటే నిద్రెక్కడ పడుతుంది? నులకమంచం మీద వెల్లకిలా పడుకుని చుక్కలు చూస్తున్నాను. పక్క కల్లం పెద్దాయన కూడా మేలుకునే ఉన్నాడు. కాసేపు ధరల సంగతి మాట్లాడుకున్నాక ఆయనే అడిగాడు.

"సారూ, వేరే సూర్యుళ్ల చుట్టూ కూడా భూములు తిరుగుతుండాయంట గదా. టీవీలో చెప్పినారు."

"తిరుగుతున్నాయి పెద్దాయనా. ఇప్పటికి 6,000 పైన లెక్క తేలినాయి."

"ఎవురన్నా చూసినారా?"

"నూటికి తొంభై తొమ్మిది, ఎవరూ చూడలేదు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. బీడీ ముట్టించి, "చూడకుండానే లెక్క రాసుకున్నారా? అట్టాంటి మస్టర్లు నేను చానా చూసినాలే" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ, అడగాల్సిన ప్రశ్నే అడిగాడాయన. కంటికి కనబడని గ్రహాన్ని ఉందని ఎలా అంటారు? ఉందన్నాక, దాని బరువింత, దాని మీద గాలి ఇలాంటిది అని ఇంకా ముందుకెలా పోతారు? ఆ రాత్రి నిద్రమత్తులో సగం సగం చెప్పిన జవాబు ఇవాళ కాస్త నింపాదిగా చెబుతాను. పెద్దాయన రేడియో దగ్గరే ఉంటారని ఆశ.

ముందు అసలు చిక్కేమిటో చూద్దాం. చీకటి పడ్డాక దోర్నాల రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తోంది. హెడ్‌లైట్లు నేరుగా మన కళ్లలోకే. దాని నంబరు ప్లేటు చదవగలమా? ప్లేటు ఎక్కడికీ పోలేదు, లైట్లకు మూరెడు దూరంలోనే ఉంది. వెలుగు మింగేసింది. నక్షత్రం పక్కనున్న గ్రహం గతీ అంతే. గ్రహానికి సొంత వెలుతురు లేదు, నక్షత్రం మీద నుంచి పడ్డదాంట్లో కాస్త తిప్పికొడుతుంది. ఎక్కడో దూరాన ఉండి మనవైపు చూసేవాళ్లకు, సూర్యుడి వెలుగును వెయ్యి కోట్ల వంతులు చేస్తే అందులో ఒక్క వంతు భూమిది. అందుకని ఖగోళ శాస్త్రజ్ఞులు నంబరు ప్లేటు కోసం కళ్లు చికిలించడం మానుకున్నారు. లారీనే చూస్తారు. అది తిన్నగా వస్తోందా, కొంచెం అటూ ఇటూ ఊగుతోందా? లైటు ఒక్క రవ్వ తగ్గి మళ్లీ పెరిగిందా? నమ్మండి, పనంతా ఈ రెండు ప్రశ్నల మీదే నడుస్తుంది.

మొదట ఊగడం సంగతి. మీలో వయసు మళ్లినవాళ్లకు వడిసెల గుర్తుండాలి. జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలేవాళ్లు. రాయి పెట్టి గిరగిరా తిప్పేటప్పుడు ఆ మనిషిని ఎప్పుడైనా గమనించారా? రాయి అటు పోతే ఒళ్లు ఇటు వాలుతుంది, రాయి ఇటొస్తే ఒళ్లు అటు వాలుతుంది. బెడ్డంత రాయైతే కొంచెం, పిడికెడు రాయైతే ఇంకొంచెం. మసక చీకట్లో రాయీ కనపడదు, తాడూ కనపడదు. మనిషి ఊగుతున్నాడన్నది మాత్రం తెలుస్తుంది. ఎన్ని క్షణాలకోసారి ఊగుతున్నాడో చూస్తే తిప్పే వేగం తెలుస్తుంది, ఎంత ఊగుతున్నాడో చూస్తే రాయి బరువు తెలుస్తుంది. గ్రహం నక్షత్రం చుట్టూ తిరుగుతుందని బళ్లో చెబుతాం గానీ, అది సగం నిజం. రెండూ తమ ఉమ్మడి బరువుకేంద్రం చుట్టూ తిరుగుతాయి. మన గురుగ్రహం లాగుడికి అంతటి సూర్యుడే సెకనుకు 12 మీటర్ల వేగంతో అటూ ఇటూ కదులుతాడు. భూమి లాగే లాగుడికైతే సెకనుకు 9 సెంటీమీటర్లు. చీమ కాస్త తొందరలో ఉంటే అంతకు సగం నడుస్తుంది.

ఈ ఊపును ఆధారం చేసుకుని, ఫలానా నక్షత్రం దగ్గర గ్రహం ఉన్నట్టుందని ప్రపంచంలో అందరికంటే ముందు అన్నవాళ్లలో ఒకాయన ఆ మాట అన్నది ఎక్కడి నుంచో తెలుసా? మద్రాసు నుంచి. నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీవారి వేధశాల ఉండేది. దాని అధికారి కెప్టెన్ విలియం స్టీఫెన్ జేకబ్. సంవత్సరం 1855. అప్పటికి మన ప్రాంతం కూడా మద్రాసు ఏలుబడిలోదే కాబట్టి, ఆ కబురు మన రాజధానిలో పుట్టిందనుకున్నా తప్పులేదు.

సర్పధారి అని ఒక నక్షత్ర మండలం, వృశ్చికరాశికి ఉత్తరాన ఉంటుంది. అందులో 70వ నంబరు నక్షత్రం నిజానికి జంట. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి 88 ఏళ్లకోసారి తిరుగుతాయి. జేకబ్ ఆ జంట ఎప్పుడెక్కడ ఉందో పాత నమోదులు, కొత్త నమోదులు ముందు పెట్టుకుని లెక్క కట్టాడు. లెక్క ప్రకారం ఉండాల్సిన చోటికీ, దుర్భిణిలో కనబడిన చోటికీ పొసగలేదు. మూడోది ఏదో కనపడకుండా లాగుతోంది, అది గ్రహం కావడానికే ఎక్కువ అవకాశం ఉందని రాశాడు.

ఆయన పొరబడ్డాడు. ఆనాటి కొలతల్లో ఉన్న తప్పులే ఆ తేడాకు కారణం. అయితే ఆ గ్రహం అంత తేలిగ్గా చావలేదు. నలభై ఏళ్ల తర్వాత అమెరికాలో ఇంకొకాయన దాన్నే పట్టుకుని బలంగా వాదించాడు. 1899లో ఫారెస్ట్ మోల్టన్ అనే గణితవేత్త, అలాంటి మూడోది అక్కడ ఉంటే ఆ సంసారం నిలబడదని లెక్కతో చూపించాక గానీ గొడవ సద్దుమణగలేదు.

విచిత్రం ఏమిటంటే, ఆ నక్షత్రానికి చేయి చాపితే రెండు వేళ్ల వెడల్పు దూరంలోనే బర్నార్డ్ నక్షత్రం ఉంటుంది. కంటికి ఆనదు గానీ మనకు చాలా దగ్గరి చుట్టం, 6 కాంతి సంవత్సరాలే. 1963లో అమెరికాలో పీటర్ వాన్ డి కాంప్ దానికి గురుగ్రహమంత గ్రహం ఉందని ప్రకటించాడు. ఏళ్ల తరబడి తీసిన ఫొటో పలకల మీద నక్షత్రం ఊగింది మరి! పదేళ్ల తర్వాత తేలిందేమిటి? ఊగింది నక్షత్రం కాదు. ఆ వేధశాలలో దుర్భిణి అద్దాన్ని తీసి సర్దినప్పుడల్లా, ఫొటోలో చుక్కలన్నీ ఒక పిసరు జరిగాయి. పాపం, ఆయన చివరిదాకా ఒప్పుకోలేదంటారు. ఇక్కడ ఇంకో మలుపు ఉంది. 2024లో అదే బర్నార్డ్ నక్షత్రానికి నిజమైన గ్రహం దొరికింది. మూడు రోజులకోసారి చుట్టి వచ్చే బుల్లి గ్రహం, భూమిలో సగం బరువు కూడా ఉండదు. మరుసటేడు ఇంకో మూడు కూడా ఖాయమయ్యాయి. పెద్ద గ్రహం ఉందన్నప్పుడు లేదు, అంత చిన్నవి ఉంటాయని ఎవరూ అనుకోనప్పుడు ఉన్నాయి.

ఈ ఓటమి కథలు ముందు చెప్పడానికి కారణం పెద్దాయన మస్టర్ల మాటే. వీళ్ల లెక్క రాగిరేకు మీద చెక్కింది కాదు. మన మార్కాపురం పలక మీద రాసింది. తప్పని తేలితే తడిబట్టతో తుడిచేస్తారు. తుడిచిన మరక కాస్త మిగులుతుంది, అంతే.

నక్షత్రం ఆకాశంలో పక్కకు జరగడాన్ని కొలవడం అంత కష్టమైతే, మరి పని ఎలా సాగింది? పక్కకు కాదు, మన వైపుకూ మన నుంచి వెనక్కూ జరగడాన్ని పట్టుకున్నారు. మోటారు సైకిలు హారను కొడుతూ దగ్గరికొస్తుంటే కూత సన్నబడుతుంది, దాటిపోయాక బొంగురుపోతుంది. వెలుగుకూ అంతే. నక్షత్రం మన వైపు వస్తుంటే దాని వెలుగు నీలం వైపు ఒక వెంట్రుకవాసి జరుగుతుంది, వెనక్కి పోతుంటే ఎరుపు వైపు. ఆ వెంట్రుకవాసిని కొలవాలంటే వెలుగును ఇంద్రధనుస్సులా పరిచి, అందులో గుర్తులు చూసుకోవాలి. ఆ గుర్తుల సంగతి తెలియాలంటే మనం గుంటూరు వెళ్లాలి.

మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కితే గుంటూరు ఎంతో దూరం కాదు. 1868 ఆగస్టు 18న ఆ ఊళ్లో సంపూర్ణ సూర్యగ్రహణం. దానికోసం ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు సముద్రాలు దాటి గుంటూరు వచ్చి మకాం పెట్టాడు. ఇంగ్లీషువాళ్ల బృందం మేజర్ టెన్నంట్ నాయకత్వంలో అక్కడే దిగింది. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం చేరుకున్నాడు. వీళ్లందరి దగ్గరా కొత్త పరికరం ఒకటి ఉంది, వర్ణపటదర్శిని. వెలుగును రంగులుగా విడదీసేది. ఏ మూలకమైనా కాగితే తనవైన రంగుల దగ్గర మాత్రమే గీతలు పెడుతుంది. మందలో ఎవరి గొర్రెకు వాళ్లు చెవికి గాటు పెట్టుకుంటారు చూడండి, అలాగన్నమాట. గాటు చూసి గొర్రె ఎవరిదో చెప్పినట్టు, గీత చూసి ఇది సోడియం, ఇది హైడ్రోజన్ అని చెప్పొచ్చు.

గ్రహణం పట్టి చీకటి కమ్మిన ఆ కొద్ది నిమిషాల్లో, సూర్యుడి అంచున ఎగసే మంటల్లో మెరిసే గీతలు కనబడ్డాయి. అవి ఎంత కాంతివంతంగా మెరిశాయంటే, గ్రహణం లేకుండా కూడా వీటిని చూడొచ్చు కదా అనిపించింది జాన్సెన్‌కు. మర్నాడే గుంటూరులో మామూలు ఎండలో చూసి చూపించాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా సొంతంగా అదే పని చేశాడు. ఆ గీతల్లో పసుపుపచ్చది ఒకటి ఏ మందకూ చెందని గాటు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. సూర్యుడి పేరు మీదుగా దానికి హీలియం అని పేరు పెట్టారు. 1895లో గానీ విలియం రామ్సే దాన్ని భూమ్మీద పట్టుకోలేకపోయాడు. ఒక పదార్థం ముందు ఆకాశంలో దొరికి, తర్వాత ఇంట్లో దొరకడం అదే మొదలు. ఈ హీలియం దగ్గరికి మళ్లీ వస్తాను, గుర్తుంచుకోండి.

నక్షత్రాల వెలుగులో అలాంటి గీతలే నల్లగా ఉంటాయి. నక్షత్రం ఊగితే గీతలు జరుగుతాయి. ఆ జరుగుడును సెకనుకు కొన్ని మీటర్ల దాకా కొలవగలిగే పరికరాలు వచ్చేసరికి 1990లు వచ్చాయి. మధ్యలో 1992లో, అలెగ్జాండర్ వోల్షాన్, డేల్ ఫ్రెయిల్ అనే ఇద్దరు ఒక చచ్చిన నక్షత్రం రేడియో తరంగాల చప్పుడులో తేడా చూసి దాని చుట్టూ గ్రహాలు కనిపెట్టారు. శ్మశానంలో దొరికిన గ్రహాలు కాబట్టి జనం పెద్దగా పట్టించుకోలేదు. బతికున్న, మన సూర్యుడి లాంటి నక్షత్రానికి గ్రహం 1995 అక్టోబరులో దొరికింది. ఫ్రాన్సులోని ఓట్-ప్రొవాన్స్ వేధశాలలో మిషెల్ మేయర్, ఆయన శిష్యుడు దిదియె కెలో కలిసి పట్టుకున్నారు. నక్షత్రం పేరు 51 పెగాసి. గ్రహం గురుగ్రహంలో సగం బరువు. ఏడాది ఎంతో తెలుసా? నాలుగు రోజుల ఆరు గంటల లోపు.

శిష్యుడికి మొదట కాళ్లూ చేతులూ ఆడలేదట. అంత పెద్ద గ్రహం నక్షత్రానికి అంత దగ్గరగా ఎలా ఉంటుంది? మన గురుగ్రహానికి ఒక చుట్టు తిరగడానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది కదా. పరికరంలోనే ఏదో తప్పుందనుకున్నారు. మళ్లీ చూశారు. గీతలు నాలుగు రోజులకోసారి ఠంచనుగా అటూ ఇటూ జరుగుతూనే ఉన్నాయి. అప్పటిదాకా మిగతావాళ్లు ఏళ్ల తరబడి తిరిగే గ్రహాల కోసమే వెతికారు, నాలుగు రోజులవాటిని ఊహించనే లేదు. 2019లో ఈ గురుశిష్యులకు నోబెల్ బహుమతి వచ్చింది.

అదే 2019లో మన దేశానికీ ఒక గ్రహానికి పేరు పెట్టే అవకాశం వచ్చింది. నక్షత్రానికి భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి పేరు మీదుగా బిభ అనీ, దాని గ్రహానికి సంతమస అనీ పెట్టారు. సంతమసం అంటే మన కావ్యభాషలో నలుదిక్కులా కమ్మిన చీకటి. కంటికి కనపడని గ్రహానికి అంతకంటే తగిన పేరు నాకు తోచదు.

ఇక రెండో ప్రశ్న. లైటు తగ్గిందా?

దీనికి విశాఖపట్నం పోవాలి. అక్కడ గోడే వెంకట జగ్గారావు గారని ఒక జమీందారు ఉండేవారు. జమీందార్లకు ఏనుగులు, గుర్రాలు, భోగాల మీద సరదా ఉంటుందని వింటాం. ఈయనకు చుక్కల మీద సరదా. మద్రాసు వేధశాలలో టేలర్ దొర దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి, 1840లో తన సొంత ఖర్చుతో విశాఖలో వేధశాల పెట్టుకున్నారు. ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు దాన్ని చేతికి తీసుకున్నారు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకున్నారు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం! మన ఇళ్లలో పిల్లవాడు అలాంటి పని చేస్తే ఏమంటామో ఎవరికి వాళ్లు ఊహించుకోండి.

1874 డిసెంబరు 9 ఉదయం. సూర్యబింబం మీదుగా శుక్రగ్రహం దాటబోతోంది. శుక్రుడు రోజూ సూర్యుడి దగ్గర్లోనే తచ్చాడుతుంటాడు గానీ, సరిగ్గా బింబం ముందు నుంచి నడవడం శతాబ్దానికి రెండుసార్లు జరిగితే గొప్ప. ఒక్కోసారి శతాబ్దమంతా ఒక్కటీ ఉండదు, ఇరవయ్యో శతాబ్దంలో అదే అయింది. శుక్రుడు బింబం అంచును తాకిన క్షణం, లోపలికి పూర్తిగా దిగిన క్షణం, మళ్లీ బయటికి వచ్చిన క్షణం, ఇవి భూమ్మీద వేరువేరు చోట్ల కొలిచి పోల్చుకుంటే సూర్యుడి దూరం లెక్క తేలుతుంది. అందుకోసం ప్రపంచమంతా బృందాలు కదిలాయి. విశాఖలో నరసింగరావు గారు తన దుర్భిణి దగ్గర, గడియారం మీద చెవి పెట్టి కూర్చున్నారు. చెప్పినంత సులువు కాదది. శుక్రుడి నల్లచుక్క అంచు వదలబోయే వేళకు, జిగురు సాగినట్టు సాగుతుంది. నల్లబొట్టు అంటారు దాన్ని. విడిపోయింది ఇప్పుడా, ఇంకో రెండు క్షణాలాగా? పక్కపక్కన కూర్చున్న ఇద్దరు కూడా ఒకే సమయం రాయలేకపోయేవారు.

నేను శుక్రుడి దాటుడును 2012 జూన్ 6న పొద్దున్నే చూశాను. బైనాక్యులర్‌ను సూర్యుడి వైపు పెట్టి, వెలుగును తెల్లకాగితం మీద పడనిచ్చి. కళ్లతో నేరుగా మాత్రం చూడకూడదు, ఈ మాట పిల్లలున్న ఇళ్లకు మళ్లీ చెబుతున్నాను. కాగితం మీద కందిగింజంత నల్లచుక్క. అంతే. చూసిన పిల్లల్లో ఒకడు "ఇదేనా సార్" అన్నాడు. ఇదే నాయనా. మళ్లీ ఇది చూడాలంటే 2117 దాకా ఉండాలి.

ఆ కందిగింజ సూర్యబింబంలో దాదాపు వెయ్యో వంతును కప్పింది. అంటే ఆ పూట సూర్యుడి వెలుగు వెయ్యికి ఒకటి తగ్గింది. మనకెవరికీ తెలియలేదు. ఇప్పుడు ఆలోచించండి. సూర్యుడు ఒక చుక్కలాగా కనబడేంత దూరంలో మనం ఉంటే? నల్లచుక్క కనపడదు. కానీ వెలుగు తగ్గడం తూకంలో తెలుస్తుంది. 1999లో మొట్టమొదట ఒక నక్షత్రం ఇలా ఒక గ్రహం దాటేటప్పుడు నూటికి ఒకటిన్నర వంతు మసకబారడం పట్టుకున్నారు. అది పెద్ద గ్రహం కాబట్టి సరిపోయింది. భూమంత గ్రహం సూర్యుడంత నక్షత్రాన్ని దాటితే తగ్గేది పన్నెండు వేలకు ఒక వంతు. కల్లంలో పన్నెండు వేల మిరపకాయలు కుప్పపోసి, అందులోంచి ఒక్క కాయ ఎవరో తీసుకుపోతే కాటా మీద తేడా కనిపెట్టడం! మన యార్డుల్లో కాటాల సంగతి మీకు తెలుసు, నేను చెప్పను.

అలాంటి కాటాను అమెరికావాళ్లు 2009లో ఆకాశంలోకి పంపారు. పేరు కెప్లర్. అది అటూ ఇటూ తిరగలేదు. అభిజిత్ నక్షత్రానికి దగ్గర్లో హంస మండలం వైపు ఒకేచోట లక్షన్నర నక్షత్రాల మీద చూపు నిలిపి, నాలుగేళ్లు రెప్పవాల్చకుండా తూచింది. వెలుగు తగ్గిందా, ఎంతసేపు తగ్గింది, మళ్లీ ఎన్నాళ్లకు తగ్గింది? ఒకసారి తగ్గితే పురుగు అడ్డొచ్చిందనుకోవచ్చు. లెక్కప్రకారం మూడుసార్లు తగ్గితే అది గ్రహం కావచ్చు. గ్రహం దారి సరిగ్గా మన చూపుకు అడ్డంగా ఉండాలి, లేకపోతే దాటడం మనకు కనపడదు. భూమిలాంటి గ్రహాల్లో అలా కుదిరేది రెండు వందలకు ఒకటి. అయినా కెప్లర్ 2,600 పైన గ్రహాల్ని పట్టింది. మధ్యలో 2013లో దాని చూపును నిలిపే నాలుగు చక్రాల్లో రెండోది కూడా పాడైంది. ఇక పని అయిపోయిందనుకున్నారు. అప్పుడు ఇంజనీర్లు ఒక ఉపాయం చేశారు. సూర్యకాంతి ఒంటి మీద పడితే కలిగే ఆ రవ్వంత తోపుడునే మూడోకాలుగా వాడుకుని, దాన్ని మళ్లీ నిలబెట్టారు. ట్రాక్టరు ఆగిపోతే ఇనుపతీగతో కట్టి కల్లం దాకా తెచ్చే మన మెకానిక్కులు విని మెచ్చుకోవాల్సిన సంగతి ఇది. ఆ కుంటినడక కాలంలో కూడా వందల గ్రహాలు దొరికాయి. 2018 అక్టోబరులో ఇంధనం అయిపోయి ఆగింది.

దాటుడు గ్రహం సైజు చెబుతుంది. ఊపు దాని బరువు చెబుతుంది. రెండూ తెలిస్తే అది రాయా, గాలిబుడగా, మధ్యరకమా అన్నది తేలిపోతుంది. 2018లో మన దేశంలోనే, అబూ పర్వతం మీద గురుశిఖర్ వేధశాలలో పరస్ అనే పరికరంతో ఈ రెండో పని చేశారు. కెప్లర్ తూకంలో అనుమానం తగిలిన ఒక గ్రహం 27 భూముల బరువుందని తేల్చారు. వెడల్పు భూమికి ఆరు రెట్లు. దూరం 600 కాంతి సంవత్సరాలు. అక్కడ ఏడాది పంతొమ్మిదిన్నర రోజులు. అహ్మదాబాదు భౌతిక పరిశోధనాలయం వాళ్ల పని ఇది.

ఇప్పుడు హీలియం దగ్గరికి వద్దాం.

గ్రహం నక్షత్రాన్ని దాటేటప్పుడు, నక్షత్రం వెలుగులో కొంచెం గ్రహం చుట్టూ ఉన్న గాలిపొరలో నుంచి వడగట్టుకుని మన దాకా వస్తుంది. ఆ గాలిలో ఏముంటే దాని గాటు ఆ వెలుగులో పడుతుంది. గాటు అంటే గీత. దాటుతున్నప్పటి వెలుగులో నుంచి, దాటనప్పటి వెలుగును తీసేస్తే మిగిలేది గ్రహం మీది గాలి సంతకం. 2018లో హబుల్ దుర్భిణితో కన్యారాశిలో వాస్ప్-107 అనే నక్షత్రం దగ్గరి గ్రహాన్ని ఇలా చూశారు. గ్రహం గాలిలో ఏ గీత కనబడిందనుకుంటున్నారు? హీలియం. మన సూర్యుడి చుట్టూ తిరగని ఒక గ్రహం మీద హీలియం కనబడటం అదే మొదటిసారి. గుంటూరు గ్రహణానికి సరిగ్గా 150 ఏళ్లు.

ఈ పని ఇప్పుడు జేమ్స్ వెబ్ దుర్భిణి చేస్తోంది. 2021 డిసెంబరు 25న పైకి పోయింది, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది, దాని అద్దం ఆరున్నర మీటర్ల వెడల్పు. దాంతో పనిచేసేవాళ్లలో నిక్కు మధుసూదన్ పేరు మీరు పేపర్లలో చూసే ఉంటారు. కాశీలో ఇంజనీరింగు చదివి, అమెరికాలో సారా సీగర్ దగ్గర పరిశోధన చేసి, ఇప్పుడు కేంబ్రిడ్జిలో ఆచార్యుడు. సింహరాశిలో 124 కాంతి సంవత్సరాల దూరాన కె2-18 బి అని ఒక గ్రహం ఉంది. భూమికి ఎనిమిదిన్నర రెట్ల బరువు, 33 రోజుల ఏడాది. కెప్లర్ కుంటినడక కాలంలో దొరికిందే. దాని మీద ఏముందన్నది మన కాలంలో నడుస్తున్న పెద్ద వాదం.

2019లో దాని గాలిలో నీటిఆవిరి దొరికిందని పేపర్ల నిండా వచ్చింది. 2023లో మధుసూదన్ బృందం వెబ్‌తో చూస్తే అది నీటిఆవిరి కాదు, చాలావరకు మీథేన్ అని తేలింది. గొర్రె ఒకటే, గాటు తప్పు చదివారు. మీథేన్‌తో పాటు బొగ్గుపులుసు వాయువు కూడా ఉంది. హైడ్రోజన్ గాలి కింద సముద్రం ఉండొచ్చని మధుసూదన్ అంటారు. ఇతరులు అలాంటి సముద్రం అక్కర్లేకుండానే ఆ గాలిని వివరించవచ్చంటారు. 2025 ఏప్రిల్‌లో ఆయన బృందం ఇంకో అడుగు ముందుకేసి, డైమిథైల్ సల్ఫైడ్ జాడ కనబడిందని చెప్పింది. మన భూమ్మీద ఆ వాసన సముద్రంలోని నాచుజీవుల నుంచి వస్తుంది. అంటే జీవమా? శాస్త్రంలో ఒక కొత్త సంగతిని ఖాయం చేసుకోవడానికి కావలసిన బలం ఆ జాడకు ఇంకా లేదని వాళ్లే రాసుకున్నారు. ఆ వెంటనే ఇంకొందరు అదే నమోదులు తీసుకుని లెక్క వేస్తే జాడ కనబడలేదన్నారు. నా అభిప్రాయం అడిగితే, ఇది జేకబ్ కథలాగా ముగుస్తుందా, బర్నార్డ్ కథ రెండో భాగంలాగా ముగుస్తుందా అన్నది ఇప్పుడే చెప్పలేం. పలక మీద రాసి ఉంది, బట్ట ఇంకా తడపలేదు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఫలానా గ్రహం మీద నీళ్లుండొచ్చని చదివి ఊళ్లో పిల్లలు ఎగిరి గంతేస్తే, వాళ్లకు మన పడమటి ప్రకాశం బోర్ల సంగతి చెప్పండి. బోరులో నీళ్లు పడటం వేరు, తాగేనీళ్లు పడటం వేరని ఫ్లోరైడు చూసిన మనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? నివాసయోగ్యమైన దూరం అని శాస్త్రజ్ఞులు అనే మాటకు అర్థం కూడా అంతవరకే. నీరు మరీ గడ్డకట్టకుండా, మరీ మరిగిపోకుండా ఉండగలిగే దూరం. నీరుందని కాదు, ఉంటే తాగొచ్చని అసలే కాదు.

పెద్దాయన చివరికి అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. "ఒక్కటి కూడా కంటికి కనపడలేదా సారూ?" కనపడ్డాయి. కొద్దిగా. వయసులో చిన్నవై ఇంకా పొయ్యిమీది పెనంలా కాగుతూ, నక్షత్రానికి చాలా దూరంగా తిరిగే కొన్ని పెద్ద గ్రహాల్ని, నక్షత్రం వెలుగును జాగ్రత్తగా మరుగుచేసి ఫొటో తీయగలిగారు. 2008లో క్రిస్టియన్ మారోవా బృందం హవాయి దీవుల్లోని కెక్, జెమిని దుర్భిణులతో ఒకే నక్షత్రం చుట్టూ మూడు గ్రహాల్ని తీసింది. రెండేళ్లకు నాలుగోది కూడా దొరికింది. నక్షత్రం పేరు హెచ్ఆర్ 8799. దూరం 133 కాంతి సంవత్సరాలు. ఏటేటా తీసిన ఫొటోలు వరుసగా పెడితే నాలుగు చుక్కలూ దారి తప్పకుండా కదులుతూ కనబడతాయి.

ఇది కార్తీకమాసం. ఈ ప్రసంగం అయ్యాక, రాత్రి ఎనిమిది గంటల వేళ మిద్దె ఎక్కండి. పెద్దారవీడు నుంచి అటు నల్లమల వైపున్న పల్లెలకు ఇంకా చీకటి మిగిలి ఉంది, పట్నాలకు ఆ భాగ్యం లేదు. నడినెత్తిన చూడండి. పెద్ద చతురస్రంలా నాలుగు చుక్కలుంటాయి. అందులో పడమటి వైపు రెండూ పూర్వాభాద్ర. పంచాంగంలో మనం రోజూ చదివే పేరే. ఆ రెండు చుక్కల మధ్యా ఒక గీత గీసుకోండి. గీతకు దాదాపు సగం దగ్గర, ఒక వేలు వెడల్పు పడమరగా, అతి నీరసంగా ఒక చుక్క కనబడుతుంది. అది 51 పెగాసి, 1995 నాటి నాలుగు రోజుల గ్రహం ఉన్న నక్షత్రం. ఇవాళ మీ కంట్లో పడే దాని వెలుగు 50 ఏళ్ల కింద బయల్దేరింది. అదే గీతకు తూర్పున, దాన్ని ఆనుకున్నట్టుగా ఇంకా నీరసమైన చుక్క ఇంకొకటి ఉంటుంది. అది హెచ్ఆర్ 8799. పూర్వాభాద్రకు అటు పక్క ఊపును బట్టి తెలిసిన గ్రహం, ఇటు పక్క ఫొటోకు చిక్కిన గ్రహాలు.

మొదట కనపడకపోతే తొందరపడకండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి పావుగంట పడుతుంది. ఈలోపు సెల్‌ఫోను వెలిగించకండి, పక్కింటివాళ్లను వాకిట్లో బల్బు ఆపమని అడగండి.